కూసోమన్న మాట

గోదావరిఖని క్వార్టర్ల పక్క మైదానంలో రాజలింగు రోజూ పొద్దున్నే కుక్కలకు మాట వినడం నేర్పుతాడు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. కుక్క సరిగ్గా కూర్చుంటే దాని ఛాతీని రెండు వేళ్లతో నిమిరి, జేబులోంచి ఉడికించిన కోడి కార్జం ముక్క తీసి పెడతాడు. తన సొంత కుక్క బిజిలిని కూడా కూనగా ఉన్నప్పటి నుంచి అలాగే పెంచాడు.

నిరుడు కరీంనగర్ కుక్కల పోటీల్లో బిజిలి అన్నింటికంటే ముందుంది. చివరి పరీక్షలో యజమానులు దూరంగా గీత దగ్గర నిలబడతారు. కుక్కలు మూడు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఇంకో అర నిమిషం ఉందనగా పక్క కుక్క లేచొచ్చి బిజిలి చెవి పట్టి కొరికింది. బిజిలి వణికింది గానీ లేవలేదు. రాజలింగు గీత దాటాడు.

"కాకా, జర ఆగు! నువ్వు పోతే కప్పు పోతది!" అని అతని దగ్గర పని నేర్చుకుంటున్న జమున అరిచింది.

"నేను కూసోమన్ననని కూసున్నదమ్మా అది!" అంటూనే ఉరికి, ఆ కుక్కను విడిపించి, బిజిలి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. చెవి నుంచి నెత్తురు కారుతున్నా అది అతని ముఖంలోకే చూస్తూ కూర్చుంది, లెమ్మనే మాట కోసం.  అతను దాన్ని అలాగే రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు.