బావను నడిపించడానికి ఉదయగిరి వెళ్లాను

ఆత్మకూరు తాలూకా కచేరీలో కాగితాలు రాసే రాయసం ఉద్యోగం నాది. పొద్దున వెళ్లి చాప మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచే పనే ఉండదు. నలభై దాటకముందే కచేరీ మెట్లు ఎక్కితే ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు మందు ఇవ్వలేదు. రోజూ కచేరీకి ముందు, చెరువు నీళ్లు పొర్లే కలుజు దాకా వడిగా నడిచి రమ్మన్నాడు. మొదట్లో ఎదురైన వాళ్లంతా ఎవరికి బాగాలేదని ఆదుర్దాగా అడిగేవాళ్లు. పని లేకుండా మనిషి నడుస్తాడంటే మా ఊళ్లో నమ్మరు. వానాకాలం వెళ్లేసరికి ఆయాసం పోయింది. పంచె బిగించి కట్టుకోవలసి వచ్చింది.

అప్పుడే ఉదయగిరి నుంచి మా కామాక్షమ్మ అక్క కబురు పెట్టింది. బావ నరసింహయ్య కాళ్లకు నీరు పట్టిందట. నాలుగడుగులు వేస్తే రొప్పుతున్నాడట. అరుగు దిగి కాస్త తిరగమంటే వినడట. బావ వీధి బడి పంతులు. పొద్దున పిల్లలు, వాళ్లు పోగానే పత్రాలు రాయించుకునే వాళ్లు, ఆయన అరుగు దిగేది భోజనానికే. కబురు చెప్పేటప్పుడు అక్క కళ్లు తుడుచుకుందని వచ్చిన మనిషి అన్నాడు. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

సెలవు పెట్టి, బహుధాన్య సంవత్సరం మాఘమాసంలో బయల్దేరాను. అంతకుముందు రెండేళ్ల కరువులో ఎడ్లు చచ్చిపోయి బాడుగ బండ్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులవి. దొరికినా ఎక్కేవాణ్ణి కాదు. నడిచి బాగుపడ్డానని బండి దిగుతూ చెప్తే ఎవరు నమ్ముతారు?

కోడి కూసే వేళకు ఊరు దాటాను. చంకలో గుడ్డమూట, అందులో మా ఇంటావిడ చేసిన రొట్టెలు, మాగాయ, కాళ్లకు రాసుకోవడానికి ఆముదం. ఈ దోవన నడవదలచిన వాళ్లు ఆముదం మరిచిపోవద్దు. ఎండ ఎక్కకముందు ఎంత నడిస్తే అంత లాభం. మధ్యాహ్నం ఏ వేపచెట్టు కిందో పడుకుని, పొద్దు వాలాక మళ్లీ లేవాలి.

మొదటి రోజే చింతపండు మూట నెత్తిన పెట్టుకున్న ఒక అవ్వ కలిసింది. ఏం పని మీద పోతున్నావని అడిగింది. ఒంటికి మంచిదని నడుస్తున్నానన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఊరికే నడిచేదానికైతే ఈ మూట నీకు బరువుండదులే నాయనా" అని నా భుజం మీద పెట్టేసింది.

అక్కణ్ణించి ఆమె చేతులూపుకుంటూ ముందు నడిచింది, నేను వెనక పరుగెత్తాను. దోవ పొడుగునా కోడళ్ల సంగతులు చెప్పింది. వాళ్ల ఊరు రాగానే లోటా నిండా అల్లం వేసిన మజ్జిగ ఇచ్చింది. అంత రుచైన మజ్జిగ నేను ఎప్పుడూ తాగలేదు. ఆ రాత్రి పక్క ఊరి సత్రంలో పడుకుంటే ఎప్పుడు తెల్లవారిందో తెలియలేదు.

రెండో రోజంతా మెట్ట పొలాలే. జొన్న కంకులు బరువుగా వంగి ఉన్నాయి. రెండేళ్ల తర్వాత చూసిన పంట కాబట్టి నిలబడి నిలబడి చూశాను. పొద్దు గుంకే వేళకు దుత్తలూరు చేరాను. సత్రం అరుగు మీద ఏసు మతంలో కొత్తగా చేరిన భార్యాభర్తలు కనబడ్డారు. వాళ్లు ప్రార్థనకు ఉదయగిరి వెళ్తున్నారు. మర్నాడు ముగ్గురం కలిసే నడిచాం. అతను పాట ఎత్తుకుంటే ఆమె అందుకునేది. పాటతో నడిస్తే దూరం తెలియదని ఆ రోజే తెలుసుకున్నాను. కంకర పరిచిన చోటికి వచ్చాక అతను పాట ఆపాడు.

"కరువులో సర్కారు కూలికి ఈ కంకర మేమే కొట్టినాం సామీ" అన్నాడు. మళ్లీ పాట ఎత్తుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం కాకముందే ఉదయగిరి కొండ, దాని మీది పాత కోటగోడలు దగ్గరికి వచ్చాయి. ఊరి మొదట్లో వాళ్లిద్దరూ ప్రార్థనకు మళ్లారు. దుమ్ము కొట్టుకుపోయి నడిచి వస్తున్న నన్ను చూసి బావ పిల్లలను అప్పటికప్పుడే ఇళ్లకు పంపేశాడు. దగ్గరికి పిలిచి, ఉద్యోగం పోయిందా అని మెల్లగా అడిగాడు. లేదని చెప్పి నా సంగతంతా వివరిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి ఊపిరాడలేదు. అక్క నీళ్లు తెచ్చి ఇచ్చి నావైపు చూసింది.

సాయంత్రం నాకు తెలిసినదంతా చెప్పాను. డాక్టరు మాట, నా పంచె బిగువు, ఏదీ వదల్లేదు. బావ తీరిక లేదన్నాడు. పిల్లలు చెడిపోతారన్నాడు. నేను విసుగు చెంది, తెల్లవారకముందు కూడా తీరిక లేదా అన్నాను. అప్పుడు బావ వీధిలోకి చూస్తూ అసలు మాట చెప్పాడు.

"కరువు రెండేళ్లూ ఈ అరుగు మీదనే కూర్చోనుండినాను. ఎండిపోయిన జనం ఎదురుగానే నడిచి పొయ్యేవాళ్లు. కొందరు ఆ మలుపు దాటలేదు. తిన్నది అరగలేదని నేనిప్పుడు అదే వీధిలో నడవాలనా?"

గడపలో నిలబడిన అక్క అందుకుంది.

"వాళ్లు బతికేదానికే నడిచినారు. మీరూ బతికేదానికే నడవండి. దానికి సిగ్గెందుకు?"

ఆ రాత్రి బావ భోజనం సగంలోనే వదిలి లేచాడు. నేను వచ్చి ఆయన మనసు నొప్పించానేమోనని బాధ పడ్డాను.

మర్నాడు తెల్లవారేసరికి బావ కండువా వేసుకుని వీధిలో నిలబడి ఉన్నాడు. "ఆ మలుపు దాకానే" అన్నాడు. పసిపిల్లవాణ్ణి నడిపించినట్టు పక్కనే నడిచాను. మలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తనంతట తానే ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి రొప్పుతున్నాడు, ముఖం ఎర్రబడింది. మంచినీళ్లు తాగి కాసేపటికి కుదుటపడ్డాడు.

తీరిక మాటకు బావ తనే ఉపాయం కనిపెట్టాడు. ఆ మర్నాడు బడి అరుగు మీద పెట్టలేదు. పిల్లలను వరసగా నిలబెట్టి, ఎక్కాలు చెప్పిస్తూ కొండ కిందికి బయల్దేరదీశాడు. ఊపిరి అందనప్పుడు తను ఊరుకుని పిల్లల చేత చెప్పించేవాడు, అందినప్పుడు తనూ కలిసేవాడు. వీధిలో ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి వచ్చి చూశారు. ఒకాయన గడపలో నిలబడి, ఇదేంది పంతులయ్యా, బడిని ఏ ఊరికి తోలుకుపోతా ఉండావని అడిగాడు. ముసిముసిగా నవ్వుతూ వెళ్లిపోయాడు బావ. అక్క ఆ రోజు పాయసం చేసింది.

నేను తిరుగు ప్రయాణమైన పొద్దున, సాగనంపడానికి బావతో పాటు బడి మొత్తం వచ్చింది. ఊరి బయట ఆగిపోతారనుకున్నాను. దుత్తలూరు దోవలో మొదటి వాగు దాకా వచ్చారు. అంతదూరం బావ మూడుచోట్ల కూర్చున్నాడు, మూడుసార్లూ ఎవరూ చెప్పకుండానే లేచాడు. వాగు దగ్గర నా భుజం తట్టి, వచ్చే ఏడాదికి ఆత్మకూరు నడిచి వస్తాననీ, కలుజు చూపించాలనీ అన్నాడు. నేను నీళ్లు దాటి అవతలి గట్టెక్కి వెనక్కి చూశాను.

వెళ్లేటప్పుడు ఆ దోవ పొడుగ్గా అనిపించింది, వచ్చేటప్పుడు పొట్టిగా తోచింది. జొన్న మోపులు మోసుకుపోయే వాళ్లు, సంతకు పోయేవాళ్లు, అందరూ కడుపునిండా తిని నడుస్తున్న వాళ్లే ఎదురయ్యారు. ఇన్నాళ్లకు ఆ దోవకు ఊపిరి తిరిగి వచ్చిందనిపించింది.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ వాగు గట్టే. దుమ్ములో బడి వెనుదిరిగి పోతోంది. పిల్లలు పదమూడో ఎక్కంలో తప్పు చదివారు. బావ నడక ఆపకుండానే పెద్ద కేక వేసి దిద్దాడు. ఆ కేక వాగు దాటి నా దాకా స్పష్టంగా వచ్చింది.