ఎడమ చక్రానికి ఉప్పునీళ్ళు

మీరు కడుపు పట్టుకుని నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కానీ ఆ రోజు మా ఆయన కారు కింద ఉన్నంతసేపూ నాకు మాత్రం నవ్వు కాదు కదా, ఊపిరి కూడా సరిగ్గా రాలేదు. పైగా అంత ముప్పుకూ పునాది వేసింది నేనే, అదీ రెండు చేతులూ జోడించి, దేవుణ్ణి తలుచుకుంటూ!

మా ఆయన నర్సింలు కందుల బేరానికి కంగ్టి, సిర్గాపూర్, మనూర్ తిరుగుతాడు. ఆ తిరుగుడంతా ఒక ముసలి చిన్న కారులో. అది బయల్దేరితే దగ్గుతుంది, ఆగితే మూలుగుతుంది. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే నాలుగక్షరాలు నేర్పాడు, వాటితోపాటు అందిన ప్రతి మేలుకూ దండం పెట్టడం నేర్పాడు. అక్షరాల సంగతేమో గానీ, దండాల చదువు నాకు బాగా ఎక్కింది.

ఉన్నట్టుండి ఒకరోజు స్టీరింగు తిప్పితే ముందు ఎడమవైపు టకటకమనడం మొదలైంది. స్టీరింగు మాటను చక్రానికి చేరవేసే కడ్డీ ఒకటుంటుంది. దాని చివరి జాయింటును టైరాడ్ ఎండ్ అంటారు. అది అరిగిపోయిందట.

"దార్ల ఊడితే ఎట్ల?" అని అడిగాను.

"చక్రమొక దిక్కు, మనమొక దిక్కు" అన్నాడు మా ఆయన, చాయ్ ఊదుకుంటూ.

మర్నాడు పొద్దున్నే మా అత్తమ్మకు హైదరాబాదులో కంటి ఆపరేషన్. బస్సులో పోదామంటే ఆమె ఒప్పుకోదు. "గా బస్సుల పోతే కండ్లకన్న ముందుగాల నడుముకు ఆపరేషన్ జేయాలె" అంది. మెకానిక్కేమో చెల్లెలి పెళ్ళిలో ఉన్నాడు. దాంతో మా ఆయన కొత్త జాయింటు కొనుక్కొచ్చి, ఫోనులో రెండు వీడియోలు చూసి, లుంగీ ఎగగట్టాడు.

జాకీతో కారు ముక్కు లేపి, చక్రం ఊడదీసి, కింద రెండు కట్టె మొద్దులు పెట్టి సగం లోపలికి దూరాడు. బయట మిగిలినవి రెండు కాళ్ళు. పెళ్ళయిన నాటినుంచి ఆ కాళ్ళను నేనంత శ్రద్ధగా చూసింది లేదు. బొటనవేలు కదిలితే నా గుండె కొట్టుకుంటుంది, వేలు ఆగితే ఇదీ ఆగుతుంది.

"ఏమయ్యా, ఉన్నవా?"

"ఏడికి పోత? ఈడనే ఉన్న."

"జాకీ జారుతున్నట్టున్నది."

"అది జారుతలేదు. నీ నోరే ఆగుతలేదు."

నట్టు ఎలాగో వచ్చింది గానీ జాయింటు రాలేదు. డీజిల్ పోశాడు. సుత్తితో కొట్టాడు. అది మా అత్తమ్మ పెట్టె తాళంలా ఎవరికీ లొంగకుండా కూర్చుంది. దెబ్బ దెబ్బకూ కారు మొత్తం ఊగుతోంది, దాంతోపాటు నేనూ.

"నర్సిగా, ఇల్లు గూలగొడుతున్నవా?" అరుగు మీంచి అత్తమ్మ అరిచింది.

"కుడిదిక్కు మంచిగనే ఉన్నదే అమ్మా! ఈ ఎడమదిక్కే గింత తుప్పెట్ల పట్టిందో!"

ఇక నాకు నిలబడే ఓపిక లేకపోయింది. భయం పుడితే నాకు తెలిసిన మందు ఒకటే. వంటింట్లోకి ఉరికి, చెంబెడు నీళ్ళలో పిడికెడు గల్లుప్పు కలిపి, కారు చుట్టూ దిష్టి తిప్పి, చక్రానికి పోద్దామని వంగాను. చక్రం లేదు. అయినా అది ఉండే చోటు నాకు బాగా తెలుసు కదా, కళ్ళు మూసుకుని అక్కడే కుమ్మరించాను.

"థూ! థూ! ఏందే ఇది? ఉప్పగున్నది!"

"దిష్టి నీళ్ళు. నువ్వు కదలకు."

"ఎవరికి దిష్టి?"

"చక్రానికి."

బొటనవేలు ఆగిపోయింది. "ఎప్పటిసంది పోస్తున్నవ్?"

నేను చెంబును కొంగు చాటుకు జరిపాను. అత్తమ్మ ఊరుకుంటుందా? "నువ్వు ఊర్లు దిరిగి వచ్చినప్పుడల్లా పోస్తది. నాకు కండ్లు కనవడకపోతే ఏమాయె, చెవులు ఇనవడ్తయి. గళగళ పోస్తది!"

నిజమే. ఒకసారి మనూర్ దారిలో ఈ ఎడమ చక్రం గుంతలో దిగబడి, కారు కాలువలో పడకుండా ఆగింది. మనిషిని నాకు దక్కించింది ఆ చక్రమేనని నా నమ్మకం. అప్పటినుంచి ఆయన క్షేమంగా ఇల్లు చేరినప్పుడల్లా దానికి దిష్టి తీసి ఆ నీళ్ళు దానికే పోసేదాన్ని.

"దేవుడు పైకెల్లి నన్ను కాపాడుతుంటే, నువ్వు కిందికెల్లి కోసుకొస్తున్నవా!" అన్నాడు మా ఆయన కారు కింద నుంచి.

నా ఉప్పునీళ్ళకే ఆ ఇనుము తుప్పు పట్టిందట. అంటే, ఆయన బతికి వచ్చాడని మొక్కిన ప్రతిసారీ, మళ్ళీ రాకుండా నేనే ఏర్పాటు చేస్తున్నానన్నమాట!

కోపం సుత్తిలోకి దిగినట్టుంది, ఒక్క దెబ్బ పడింది. ధన్‌మని చప్పుడు. కారు ఎగిరిపడింది. కాళ్ళు కదల్లేదు.

"అయ్యో, మనిషి మీద వడ్డది! రాండ్రి! ఉరికి రాండ్రి!"

నా గొంతు బస్టాండు దాకా వినిపించిందట. వాడకట్టు మగవాళ్ళంతా వచ్చి, ఒక్క మాట అడగకుండా బంపరు పట్టుకుని కారును ఎత్తేశారు. జాకీ పక్కకు ఒరిగింది.

"ఎవలురా లేపేది? మెల్లగ దించుండ్రి!" కింద నుంచి కేక. "ఊడింది జాయింటు! నేను గాదు!"

దేవుడి దయ, మొద్దులు కదల్లేదు. దింపాక బయటికొచ్చిన మా ఆయన మొహం నిండా డీజిలు, తుప్పు, ఉప్పు. అంత అందంగా పెళ్ళిపీటల మీద కూడా లేడు. కొత్త జాయింటు బిగించాడు. సాయంత్రం పెళ్ళి నుంచి వచ్చిన మెకానిక్కు అంతా తడిమి చూసి, భయం లేకుండా హైదరాబాదు పొమ్మన్నాడు. మర్నాడు అత్తమ్మకు ఆపరేషన్ చల్లగా జరిగింది.

కట్టు విప్పాక ఒక మధ్యాహ్నం ఆమె నల్లద్దాలతో అరుగు మీద కూర్చుంది. మా ఆయన కంగ్టి నుంచి క్షేమంగా వచ్చాడు. నా మనసు నిండిపోయింది. నేను వద్దంటున్నా నా కాళ్ళు వంటింట్లోకి పోయాయి, చేతులు చెంబు అందుకున్నాయి. గళగళమనకుండా సన్నని ధారగా పోద్దామని, పిల్లిలా కారు చాటుకు చేరాను.

"కోడలా" అంది అత్తమ్మ, అద్దాలు పైకి జరిపి. "చెంబు కనవడ్తుంది. అండ్ల ఉప్పుగల్లు గూడ కనవడ్తుంది. డాక్టరు సల్లగుండ, మంచిగ కనవడ్తుంది."

అందుకే ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఉప్పు పప్పులోకి, నీళ్ళు మొక్కలకు, చక్రానికి దూరం నుంచి పొడి దండం. తడి లేని దండం కూడా దేవుడు తీసుకుంటాడని, మా అత్తమ్మ కొత్త కన్ను సాక్షిగా నమ్ముతున్నాను.