నా బిడ్డ బడికి అడ్డం పడ్డది నేనే

హైదరాబాదులో చెవిటి పిల్లల బడిలో టీచరమ్మ నన్నొక మాట అడిగింది. "పిల్ల ఇంత పెద్దయ్యేదాకా ఎందుకు తీసుకురాలేదు?" అని. "ఇలాంటి బడి ఒకటుందని మాకు తెలియదమ్మా" అన్నాను. పక్కనే మా ఆవిడ తల వంచుకొని కొంగు మెలిపెట్టింది. నేను అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలుసు. ఆ బడి సంగతి నాకు ఏళ్ల ముందే తెలుసు. బోధన్‌లో మా వాకిట్లో నిలబడి ఒక మనిషి చెప్పి పోయాడు. ఆ మాట నేను దిగమింగాను. ఎందుకు దిగమింగానో చెప్పాలంటే ముందు నా పగ సంగతి చెప్పాలి.

యాభయ్యారులో కొత్త రాష్ట్రం ఏర్పడిన తొలి రోజుల్లో నాకు షుగర్ ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్ కొలువు దొరికింది. ఆ తర్వాతే బిడ్డ పుట్టింది. షిఫ్టు మారేటప్పుడు ఫ్యాక్టరీ సైరన్ కూస్తే వాడకట్టులో పసిపిల్లలంతా ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. మా బిడ్డ మాత్రం కదలకుండా నిద్రపోయేది. ఎంత ధైర్యం గల పిల్ల అని మేం మురిసిపోయాం. వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాం. ఆ పిల్లకు చెవులు వినబడవని తెలిసేసరికి రెండేళ్లు దాటిపోయాయి.

ఆరేళ్లు నిండగానే మా ఆవిడ దానికి నూనె పెట్టి రెండు జడలు వేసి, కొత్త పలక చేతికిచ్చింది. ముగ్గురం మా ఊరి బడికి పోయాం. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు వరండా నిండా ఉన్నారు. హెడ్మాస్టరు మా బిడ్డను పేరు పెట్టి పిలిచాడు. అది గోడ మీది ఉడతను చూస్తోంది. ఆయన లేచి వచ్చి దాని తల వెనక చప్పట్లు కొట్టాడు. అది తిరిగి చూడలేదు.

"ఏమయ్యా, గీ పొల్లకు చెవులు లెవ్వు, నోరు లేదు. బడికేం తెచ్చినవ్? ఇంట్ల కూసోబెట్టి బీడీలు చేపియ్యి. చేతులైతె ఉన్నయ్ గద!"

వరండా అంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారు గనుక మా బిడ్డా నవ్వింది. ఆ నవ్వు చూశాక నా ఒంట్లో నిప్పు పడింది. దారిలో మా ఆవిడ, "పోనియ్యి, ఇంకేదన్న బడి సూద్దం" అంటూనే ఉంది. నేను వినడం లేదు. నేను బడి గురించి కాదు, హెడ్మాస్టరు చెరుకు గురించి ఆలోచిస్తున్నాను.

ఆయనకు ఊరవతల సొంత చెరుకు తోట ఉంది. అది నా హద్దులోకే వస్తుంది. మా పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. రైతు తన చెరుకైనా తన ఇష్టం వచ్చినప్పుడు నరకడానికి లేదు. ఫీల్డ్‌మ్యాన్ పోయి, గడ పిండి, చేతిలో పట్టే చిన్న గొట్టం అద్దం మీద రసం చుక్క వేసి, కంటికి పెట్టుకొని తీపి చూస్తాడు. తీపి పట్టిందని రాస్తేనే కటింగ్ ఆర్డర్ వస్తుంది. ఆర్డర్ ఆలస్యమైతే గడలు బెండు పట్టి, ఎండి, బరువు పోతాయి.

ఆ చలికాలం నేను ఆయన తోటకు పోయి చూశాను. నా హద్దులో అంత తీపి ఇంకే తోటలోనూ లేదు. తీపి పట్టలేదని రాశాను. మళ్లీ పోయాను, మళ్లీ అదే రాశాను. చుట్టుపక్కల తోటలన్నీ నరికేశారు. ఆయనదొక్కటే మిగిలింది. దాంతో చుట్టుపక్కల అడవి పందులన్నీ అందులోనే పడ్డాయి. చెరుకు తెల్లటి పూత వేసింది. ఫ్యాక్టరీ కాటా దగ్గర బరువులు రాసే మున్షీ, బోధన్ పాత ముస్లిం కుటుంబాల మనిషి, నన్ను చూస్తే చాలు అందుకునేవాడు.

"భాయ్, పంతులు చెరుకుకు తెల్లగడ్డం మొలిచింది. ఇగ మీరు నరకనియ్యకుంటే హజ్‌కు పోతది!"

ఒకనాడు హెడ్మాస్టరు గట్టు మీద నన్ను నిలేశాడు. "ఏమయ్యా, నా చెరుకేం పాపం చేసింది?"

"నేనేం జేత్త సార్? పరీక్ష పెట్టిన. పాస్ కాలె."

ఆయనకు అర్థమైంది. అర్థం కావాలనే అన్నాను.

చివరికి ఎండలు ముదిరాక ఆర్డర్ ఇప్పించాను. బండ్లు వచ్చే రోజు నాకు కాటా దగ్గర పని లేదు. అయినా పోయి నిలబడ్డాను. "పంతులు సాబ్, చెరుకు తెచ్చినవా, పొరకలు తెచ్చినవా?" అన్నాడు మున్షీ. బండ్లవాళ్లంతా నవ్వారు. హెడ్మాస్టరు తల ఎత్తలేదు. వరండా నవ్వుకు కాటా నవ్వు చెల్లు అనుకున్నాను. ఇంటికి జిలేబీలు తీసుకుపోయాను. ఏం విశేషమని మా ఆవిడ అడిగితే ఏమీ లేదన్నాను. అంత తీయటి జిలేబీ నేను మళ్లీ తినలేదు. ఈ మాట దాచను.

నెల తిరగకముందే ఆయన మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ తల్లిగారింటికి పోయింది. ఇంట్లో నేను, బిడ్డ. కూర్చోమనలేదు. ఆయన నోరు తెరవకముందే, "చెరుకు సంగతైతే ఆఫీసుల మాట్లాడు" అన్నాను.

"చెరుకు గాదయ్యా. పట్నంల చెవుడు పిల్లల కోసమని బడి ఉన్నది. మా తమ్ముడు గాడ్నే కొలువు జేస్తడు. మీ బిడ్డ కోసం ఒక జాగ ఆపి పెట్టిండ్రు. ఎండకాలం అయినంక తోల్కపో. ఆ దినం నేనన్న మాట..."

"నా బిడ్డను ఏ బడికి తోలాల్నో నువ్వు జెప్పేటోనివా?"

ఇంతలో బిడ్డ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకు అందించింది. మాటలు వినబడని పిల్లకు వచ్చినాయన చుట్టమే. నేను ఆ చెంబు లాక్కొని నీళ్లు బంతిచెట్లలో పోశాను. ఆయన చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. గెలిచాననుకున్నాను.

మా ఆవిడ తిరిగి వచ్చాక ఆమెకు నేను ఆ మాట చెప్పలేదు. పగవాడి చేతి మీదుగా నా బిడ్డకు మేలు జరగడం నేను ఓర్చుకోలేకపోయాను. ఆమె మాత్రం కనబడ్డవాళ్లనల్లా అడుగుతూ ఉండేది. దవాఖానాలో డాక్టరును, నవీపేట సంతలో గాజులమ్మే మరాఠీ ఆమెను, చివరికి బస్సు కండక్టరును కూడా. "అన్నా, ఇసొంటి పిల్లలకు యాడన్న బడి ఉన్నదా?" పక్కనే ఉండి, నేనూ తెలియనట్టు ముఖం పెట్టుకొని వినేవాణ్ని. బిడ్డ పొయ్యి బొగ్గుతో గోడ మీద బొమ్మలు గీసేది. అలా అయిదేళ్లు గడిచాయి.

నిజామాబాదులో ఒక పెళ్లిలో హెడ్మాస్టరు భార్య మా ఆవిడను గుర్తుపట్టి అడిగిందట. "మా ఆయన సీటు ఆపి పెడితె మీరు తోలనే లేదేందమ్మా?" అని.

ఇంటికి వచ్చి మా ఆవిడ ఒకటే అడిగింది. "పంతులు మనింటికి వచ్చిండా, రాలేదా? గంతే జెప్పు."

"వచ్చిండు."

ఇక తిట్టలేదు, ఏడవలేదు. ట్రంకుపెట్టెలో బిడ్డ బట్టలు సర్దింది. మర్నాడు వాళ్లిద్దరూ హైదరాబాదు రైలెక్కితే నేను పిలవకున్నా వెనక ఎక్కాను. మేం ఎంతో బతిమాలితే బడివాళ్లు తీసుకున్నారు. చిన్న పిల్లల తరగతిలో, అందరికంటే పొడుగ్గా, వెనక గోడకు ఆనుకొని కూర్చుంది నా బిడ్డ. పెదాలు చూసి మాట పట్టడం, రాయడం త్వరగానే వచ్చాయి. గొంతు మాత్రం రాలేదు. ఏడేళ్లప్పుడు తెచ్చి ఉంటే నాలుగు మాటలు పలికేదని టీచరమ్మ చెప్పింది.

హెడ్మాస్టరు ఇప్పుడు నిజామాబాదులో ఉంటాడు. ఎదురుపడితే ఇద్దరం చెరో పక్కకు తప్పుకుంటాం. ఆయన మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ చెరుకు ఆపినందుకు నాకు పెద్దగా బాధ కూడా లేదు. కాని నేను కొట్టిన దెబ్బ ఆయన తోటకు ఒక్క పంట తగిలింది, నా బిడ్డకు మాత్రం బతుకంతా తగిలింది. తప్పయిందని మా ఆవిడ ముందు ఎన్నోసార్లు అన్నాను. "నాకు జెప్పుడెందుకు? దానికి జెప్పు" అనేది.

మొన్న ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు బిడ్డ కిటికీ దగ్గర కూర్చొని రవిక గుడ్డ కత్తిరిస్తోంది. ఎదురుగా కూర్చొని చెప్పాను. అది తల అడ్డంగా ఊపి నా మీసం చూపించింది. గుబురు మీసం పెదవిని కప్పేస్తోంది, మాట కనబడటం లేదు. నవ్వుతూ నా గడ్డం పట్టుకొని, చేతిలోని కత్తెరతో పెదవి మీదికి వచ్చిన వెంట్రుకలన్నీ తనే కత్తిరించింది. నేను కదలకుండా కూర్చున్నాను. ముఖం వెలుగు వైపు తిప్పి, ఇప్పుడు చెప్పమన్నట్టు చూసింది.

"బిడ్డా, నీకు ఏడేండ్లున్నప్పుడే నీకు బడి ఉన్నదని నాకు ఎర్కయింది. పంతులు మీది కోపంతోటి నేను మీ అవ్వకు జెప్పలే, నిన్ను తోలలే. నీకు గొంతు రాకుంట జేసింది నేనే. తప్పయింది బిడ్డా, నన్ను మాఫ్ చెయ్యి."