తాళం వేసిన మాన్యువల్

1991 వానాకాలంలో నన్ను ఆదిలాబాద్‌లోని ఒక జిల్లా కార్యాలయానికి అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వేశారు. కంప్యూటర్ విభాగంలో యూనిక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్ ఒకటి, బీరువా నిండా దాని మాన్యువల్ సంపుటాలు ఉండేవి. తాళంచెవి మా సిస్టమ్స్ ఆఫీసర్ జేబులో ఉండేది. పుస్తకం కావాలంటే చీటీ రాసివ్వాలి. ఆయన ఒప్పుకుంటే ఆయన బల్ల దగ్గరే నిలబడి చూసుకోవాలి. కుర్చీ చూపేవారు కాదు. "బుక్కు చూసి రాసేటోడు గూడ ప్రోగ్రామరేనా?" అని ఒకసారి అందరి ముందూ అన్నారు. పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. జవాబు రాలేదు. ఆ మాటా, ఆ మౌనమూ నాకింకా గుర్తున్నాయి.

ఒకరోజు హాస్టల్ విద్యార్థుల జాబితాను పేర్ల వరుసలో అచ్చుతీసి సాయంత్రం హైదరాబాద్ బస్సులో పంపాల్సి వచ్చింది. పంపలేకపోతే నన్ను అంతకుముందు నేను పనిచేసిన మండలాఫీసుకు తిప్పి పంపుతానని ఆఫీసర్ చెప్పారు. చెప్పి, తాళంచెవితో సహా హుస్నాబాద్‌లో పెళ్లికి వెళ్లిపోయారు. నేను రాసిన ప్రోగ్రామ్‌లోనేమో పేర్లు కలగాపులగంగా వస్తున్నాయి. వరుస పెట్టడానికి యంత్రంలో సిద్ధంగా ఉండే చిన్న ప్రోగ్రామ్‌కు, అంటే ఫంక్షన్‌కు, రెండు పేర్లలో ఏది ముందో తెలిపే అంకె మనమే ఇవ్వాలి. తప్పు అక్కడేనని నా అనుమానం.

కరీంనగర్ ఆఫీసులో ఇదే పని చేసే సత్తయ్యకు ఫోన్ చేసి తాళంచెవి సంగతి చెప్పాను. నవ్వాడు.

"బుక్కుతోని ఏం పనే అన్నా? నువ్వు ప్రోగ్రామ్ రాసే ఎడిటర్లనే ఉండి జర ఎస్కేప్ కొట్టు. కోలన్ పెట్టి, ఎక్స్‌క్లమేషన్ పెట్టి, మ్యాన్ అని కొట్టు, మాన్యువల్‌కు పొట్టి పేరు గది. పక్కన ఫంక్షన్ పేరు కొట్టు. బుక్కంత గా మిషన్లనే ఉన్నది."

"మా సార్ ఎన్నడు చెప్పలే."

"చెప్తె నువ్వు ఆయన బల్లకాడికి ఎందుకు పోతవే?"

కొట్టాను. నా ప్రోగ్రామ్ తప్పుకొని తెర మీదికి ఆ ఫంక్షన్ పేజీ వచ్చింది. మొదటి పేరు ముందు రావాలంటే సున్నా కంటే తక్కువ అంకె, రెండూ ఒకటే అయితే సున్నా, వెనక రావాలంటే సున్నా కంటే ఎక్కువ అంకె ఇవ్వాలట. నేను సున్నా, ఒకటి మాత్రమే ఇస్తున్నాను. ఎంటర్ నొక్కితే మళ్లీ నా ప్రోగ్రామే, వదిలిన చోటే. సవరించాను. పేర్లు కుదురుకున్నాయి. ప్రింటర్ గరగర అంత హాయిగా నాకు మళ్లీ ఎన్నడూ వినిపించలేదు. కట్టను కండక్టర్ చేతిలో పెట్టాక గానీ పొద్దుటి టిఫిన్ డబ్బా గుర్తు రాలేదు.

పెళ్లి నుంచి వచ్చాక ఆఫీసర్‌ను అడిగాను, ఇది మీకు ముందే తెలుసా అని. "తెల్వకేందయ్యా? నువ్వు అడగలే గదా," అంటూ బీరువా తెరవబోయారు. అవసరం లేదన్నాను.

తర్వాత ఏ ఆఫీసుకు బదిలీ అయినా, యంత్రంలో మాన్యువల్ ఎక్కించి ఉందో లేదో ముందు చూసుకున్నాను. నా కింద చేరినవారికి మొదటి రోజే ఆ మ్యాన్ ఆదేశం చూపించాను, కుర్చీలో కూర్చోబెట్టి.