దివిటీ నూకరాజు

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క మనవరాలు విశాఖపట్నం నుంచి నర్సీపట్నం వచ్చింది. ఇంటర్ చదివే పిల్ల. వచ్చిన దగ్గర్నుంచి ఫోన్లో ఎవరితోనో ఒకటే పోట్లాట. అన్నం ముందు కూర్చున్నా ఎడంచేతి బొటనవేలు ఆగదు. కొంపదీసి ప్రేమా దోమా కాదు కదా అని నాకు లోపల గుబులు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని, అనుమానపడడం నాకు అలవాటైపోయింది. నెమ్మదిగా పక్కన చేరి ఎవరితోనే ఆ యుద్ధం అని అడిగాను. "తరళని జయధ్వజుడికే ఇచ్చి చెయ్యాలనేవాళ్ళతో చిన్నమ్మమ్మా. మేమంతా దివిటీవాడి వైపు" అంది తల ఎత్తకుండానే. నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ మాట విని సంబరపడాల్సిన మనిషి రెండేళ్ళ కిందట వెళ్ళిపోయింది. అది మా అక్క.

తరళ ఎవరో చెప్పాలి. ఫోన్లో కథలు వచ్చే యాప్ ఒకటి ఉంది కదా, అందులో మంగళవారం ఒక భాగం, శుక్రవారం ఒక భాగం చొప్పున మూడేళ్ళు నడిచిన మాయల కథలో రాకుమారి. ఆమె రాజ్యంలోని సూర్యుణ్ణి ఒక మాంత్రికురాలు దొంగిలించి ఏడో కోటలో దాచేస్తుంది. తరళ ఏడు కోటలు దాటి ఆ సూర్యుణ్ణి వెనక్కి తేవాలి. ఆమెకి నిశ్చయమైన వరుడు జయధ్వజుడు, రెక్కల గుర్రం మీద తిరిగే యువరాజు. ఇక చీకటి అడవిలో ఆమెకి దారి చూపిస్తూ ముందు నడిచేవాడు ఒకడున్నాడు. చేతిలో దివిటీ, ఒంటి మీద ముతక పంచె, నోట్లో మాట తక్కువ. వాడికి రచయిత పేరు కూడా పెట్టలేదు. దివిటీవాడు, అంతే.

ఈ కథ మాకు ఫోన్లో రావడమైతే వచ్చింది గానీ, మేం చదువుకున్నది మా అక్క ఇంటి వెనక రేకుల షెడ్డులో. మా బావగారిది జీడిపప్పు వ్యాపారం. రావికమతం వైపు తోటల నుంచీ, ఏజెన్సీ కొండల నుంచీ వచ్చిన పిక్కలు ఎక్కడో ఉడికి, పగిలి, ఎండి, చివరికి పప్పు మీద ఎర్రపొరతో ఈ షెడ్డుకి చేరతాయి. వీధిలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది చిన్న చాకులు పట్టుకుని ఆ పొర తీస్తారు. పప్పు విరగకూడదు, చాకు వేలికి దిగకూడదు, మిగతా ఏం మాట్లాడుకున్నా ఫరవాలేదు. మా అక్క యజమానురాలినని కుర్చీ వేసుకుని కూర్చునే రకం కాదు. తన పెళ్ళిలో వచ్చిన, పేరు చెక్కిన స్టీలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తనూ పొర తీసేది. నాలుగున్నరకి బడి నుంచి నేను సుద్దపొడి దులుపుకుంటూ వచ్చేసరికి అందరూ ఎదురుచూస్తూ ఉండేవారు.

ఆ షెడ్డులో ఓ ఆనవాయితీ ఉంది. ఫోన్లు రాక ముందు, వారపత్రికలు చదువుకునే రోజుల నుంచీ ఉన్నదే. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కదా, అందుకని కథ అయిపోగానే ఒక్కొక్కరూ తాము వలిచిన పప్పులోంచి ఒక పిడికెడు తీసి ఆ మనిషి పళ్ళెంలో పోస్తారు. దాన్ని కథపిడికిలి అంటారు. నాకు పళ్ళెం లేదు కాబట్టి నా పిడికిళ్ళన్నీ మా అక్క పళ్ళెంలో పడేవి. కథ బాగుంటే పిడికిలి నిండుగా, గుండు పప్పుతో వచ్చేది. బాగోకపోతే బద్దలూ నలుసులూ వచ్చేవి. జయధ్వజుడు తరళ వేలికి ఉంగరం తొడిగిన శుక్రవారం నాడు మా అక్క తన పళ్ళాన్ని బోర్లించి కూర్చుంది, ఎవరూ పొయ్యకుండా. రాసినవాడి మీద కోపం చదివినదాని మీద చూపించడం అన్యాయమన్నాను. "ఆడు నాకు దొరకడు గదే, నువ్వే దొరికావు" అంది.

మొదట్లో షెడ్డంతా యువరాజు వైపే. మా అక్క ఒక్కర్తే దివిటీవాడి వైపు. అందరిలోకీ పెద్దావిడ, మేం ఊరి దేవత సత్తెమ్మ తల్లిలాంటిదని భయపడే ముసలమ్మ ఒకావిడ, ఓనాడు నిలదీసింది. "ఓలమ్మా, దివిటీ పట్టుకునోడి యెనకాల ఎల్తే ఆ పిల్ల ఏటి తింటాది? దివిటీలో నూనా?" అందరూ నవ్వారు. మా అక్క నవ్వలేదు. చాకు ఆపి, "తిండి కోసమైతే రాజుగారింటికే ఎల్లొచ్చు పెద్దమ్మా. గుర్రం మీదోడు పైనుంచి సూసి బేగి రా, బేగి రా అంటాడు. కింద ముల్లుందో పావుందో ఆడికేటి తెలుస్తాది? ఈడు ముందల నడిసినాడు గాబట్టే గదా అది అడుగేసింది" అంది. ముసలమ్మ ఆ సాయంత్రమే పార్టీ మార్చేసింది. తర్వాత ఒక్కొక్కరే మారారు. మన దగ్గర పార్టీలు మారడం కొత్తేమీ కాదు గానీ, ఇందులో ఎవరికీ పదవులు రాలేదు.

పేరు పెట్టింది కూడా మా అక్కే. ఇన్ని వారాల నుంచి నడుస్తున్నాడు, పేరు లేకపోతే ఎలా పిలుస్తుంది పాపం అంటూ నూకరాజు అని పెట్టేసింది. మా వైపు వీధికి నలుగురు నూకరాజులుంటారు. రెక్కల గుర్రాలూ మాంత్రికురాళ్ళూ తిరిగే అడవిలో నూకరాజు ఏమిటని నాకు నవ్వాగలేదు. నేను మాత్రం రాసింది రాసినట్టు దివిటీవాడు అనే చదివేదాన్ని. ఆ మాట వచ్చినప్పుడల్లా మా అక్క పప్పు మీంచి కళ్ళు తియ్యకుండా "నూకరాజు" అని సరిదిద్దేది. నేను మళ్ళీ దివిటీవాడు అనేదాన్ని. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నేను లొంగలేదు. అదేదో గొప్ప అనుకునేదాన్ని.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా అక్కకి పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు పదకొండు. అప్పట్లో పెళ్ళి ఊరేగింపులకి పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే దుకాణం ఒకటి మా వీధి చివర ఉండేది. అందులో పనిచేసే అతను లైటు భుజాన పెట్టుకుని పెళ్ళివారి ముందు నడిచేవాడు. వెలుగు వెనకవాళ్ళకి, వేడీ పురుగులూ అతనికి. మా అక్క కుట్టుపని నేర్చుకోవడానికి ఆ దుకాణం మీంచే వెళ్ళేది. ఓ మధ్యాహ్నం నా చేతిలో నాలుగు నిమ్మతొనల బిళ్ళలు పోసి, "అమ్మడిగితే కుట్టుకెల్లిందని సెప్పు గుంటా" అని బతిమాలి వెళ్ళింది. ఆ రోజు కుట్టు నేర్పే ఆవిడ ఊళ్ళో లేదని పక్కింటివాళ్ళ ద్వారా తెలిసి అమ్మ నన్ను పిలిచింది. నాన్న కూడా అరుగు మీదే ఉన్నాడు. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. నేను నిమ్మతొన బుగ్గన పెట్టుకుని, అక్క వెనకాలే వెళ్ళి చూసొచ్చింది ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. లైట్ల దుకాణం వెనకాల ఉంది, అతను లైటుకి మేంటిల్ వల కడుతుంటే అక్క గాజు చిమ్నీ పట్టుకుంది అని. పేరు కూడా చెప్పాను. బళ్ళో నిజమే చెప్పాలని నేర్పారు కాబట్టి చెప్పానని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది సాకు. పెద్దవాళ్ళిద్దరూ నా మాట కోసం అలా ఎదురుచూడడం నాకు బాగుంది, అందుకే చెప్పాను.

నెల తిరక్కుండా సంబంధం కుదిరింది. వీధి చివరే దుకాణం ఉండగా, మా నాన్న ఊరేగింపు లైట్లు పాయకరావుపేట నుంచి తెప్పించాడు. చుట్టాలంతా ఇదెక్కడి చోద్యం అన్నారు. మా అక్క తల వంచుకుని నడిచింది. తర్వాత దుకాణం ఎత్తేశారు, అతను ఎటు వెళ్ళాడో మాకు తెలీదు. అతని పేరు నూకరాజు కాదు. మా అక్క అంత తెలివితక్కువది కాదు. అసలు పేరు నేనిక్కడ రాయను, ఒకసారి చెప్పింది చాలు. ఇక మా బావగారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తాగుడు లేదు, కోపం లేదు, సంతకి వెళ్తే అడక్కుండా పూలు తెచ్చే మనిషి. మా అక్కకి అదే ఇబ్బందయి ఉంటుంది. వంకలున్న మొగుడైతే ఏడవడానికి ఓ కారణమైనా ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇద్దరూ మర్యాదగా కాపురం చేశారు. నేను చేసిన పని గురించి మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు, నేనూ ఎప్పుడూ ఎత్తలేదు.

కథ ఆరో కోట దాటేసరికి మా అక్కకి కడుపులో గడ్డ అన్నారు. విశాఖపట్నం ఆసుపత్రికి ఆర్నెల్లు తిప్పాక, ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. షెడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో మంచం వేయించుకుంది, కథ వినబడాలని. పళ్ళెం దాని చోటనే ఉండేది. పిడికిళ్ళు అందులోనే పడేవి. పడినప్పుడల్లా వచ్చే చప్పుడు బట్టి, ఇవాళ కథ బాగుందో లేదో లోపల్నుంచే చెప్పేది. తనకి ఒకటే దిగులు. "కథ అవ్వకుండానే నేనెలిపోతానేటే? నూకరాజు ఏటైపోతాడో తెలియాల గదా" అనేది. ఆ మాటకి షెడ్డులో చాకులు ఆగిపోయేవి.

ఆఖరి భాగం ఓ శుక్రవారం వచ్చింది. నేను బళ్ళో భోజనాల గంటలోనే చదివేశాను. తరళ సూర్యుణ్ణి తెచ్చింది. జయధ్వజుణ్ణి పెళ్ళాడింది. వెలుగొచ్చిన రాజ్యంలో దివిటీతో పనేముంది? వాడు దాన్ని ఇసకలో గుచ్చి ఆర్పేసి, వెనక్కి అడవిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం షెడ్డు గుమ్మంలోనే ముసలమ్మ నా మొహం చూసి గ్రహించేసింది. నా చెయ్యి పట్టుకుని, "మార్సి సదివీ టీచరమ్మా. పాపం మంచమ్మీదున్న పిల్ల, ఫోన్లో సూస్తాదేటి? నూకరాజుకే ఇచ్చేసీ" అంది. తతిమ్మావాళ్ళంతా తలలూపారు. రాసింది రాసినట్టే చదవాలి పెద్దమ్మా అన్నాను. ఆ మాట అన్న నోరు ఇవాళ నాకు పరాయిదిలా ఉంది.

చదివాను. కిటికీ దగ్గర కాదు, మంచం పక్కనే కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా. అయ్యాక మా అక్క, "మరి ఆడి దివిటీ?" అంది. ఆర్పేశాడే అన్నాను. అప్పుడు నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "నువ్వెప్పుడూ ఇంతేనే గుంటా. ఉన్నదున్నట్టు సెప్పేస్తావు" అంది. నలభై ఏళ్ళకి దగ్గరగా దాచుకున్న మాట అది. అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. నేను లేచి వెళ్ళి మందు గ్లాసు కడిగాను. ఆ తర్వాత తొమ్మిదో రోజున పోయింది.

ఇప్పుడీ పిల్ల, అక్క మనవరాలు, దివిటీవాడి వైపు. ఆఖరి భాగం వచ్చి ఇన్నాళ్ళయినా వీళ్ళ గొడవ ఆగలేదట. రచయిత ఇచ్చిన ముగింపు నచ్చనివాళ్ళు ఊరికో పదిమంది ఉన్నారట. "నచ్చకపోతే మేమే వేరేగా రాసేసుకుంటాం చిన్నమ్మమ్మా" అంది. అలా రాసుకోవచ్చా, తప్పు కాదా అని అడిగాను. తప్పేముంది, కథే కదా అని నవ్వి తను రాసింది చూపించింది. పదిహేడేళ్ళ పిల్లకి తట్టింది నాకు తట్టలేదు. ఆ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను.

సాయంత్రం ఆ ఫోన్ తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. మా అక్క పోయాక అక్కడ చదవడం మానేశాను. అందరూ ఉన్నారు, ముసలమ్మ కూడా. మా అక్క పళ్ళెం మేకుకి వేలాడుతోంది. దాన్ని తీసి, తుడిచి, తన చోట పెట్టి, నేను చదవడం మొదలుపెట్టాను. పిల్ల రాసినదాంట్లో తరళ పెళ్ళిపీటల మీంచి లేచి, వెలుగులో కూడా నా ముందు నడిచేవాడు కావాలి అంటుంది. పిల్ల దివిటీవాడు అనే రాసింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నేను "నూకరాజు" అని చదివాను. పక్కనుంచి సరిదిద్దేవాళ్ళు లేరు. తర్వాత అది వచ్చిన ప్రతిచోటా నూకరాజు అనే చదివాను.

అయ్యాక తల ఎత్తితే గుమ్మంలో మా బావగారు నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి వింటున్నారో తెలీదు. "మరైతే ఆ పిల్ల ఆడితోటే ఎల్లిందన్నమాట" అన్నారు. అవును బావగారూ అన్నాను. ఆయనకి ఏం తెలుసో, ఎంత తెలుసో నాకు ఇవాళ్టికీ తెలీదు. లోపలికి వచ్చి, కిందకి వంగడం కష్టమైనా వంగి, గుండు పప్పు ఏరి ఏరి పిడికిలి నిండా తీసుకుని మా అక్క పళ్ళెంలో పోశారు. "బాగుంది" అని, కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. వెనకాలే ముసలమ్మ పోసింది, తర్వాత ఒక్కొక్కరూ పోశారు. పళ్ళెం నిండి, మా అక్క పేరు చెక్కిన అంచు కూడా కనబడలేదు.

ఒక్క మాట మార్చి చెప్పడం నేర్చుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది; ఆ మాట కోసం కాచుకున్న మనిషికి ఆఖరి భాగం విన్నాక కాలం తొమ్మిది రోజులే ఇచ్చింది.