బొట్టు పెట్టిన తుపాకీ

నాన్న పోగానే ఆయన తుపాకీని ఠాణాలో అప్పజెప్పాం. లైసెన్సు నా పేరుకు మార్పించుకోమని అదే ఊళ్లో మలంచా పేటలో ఉండే అన్నయ్య పట్టుబట్టాడు. తాల్‌బగీచా పేటలోని నాన్న ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. మా పక్క సందులో ఒకావిడ మెడలో గొలుసు పట్టపగలే తెంపుకుపోయారు. అన్నయ్యది ఉత్తుత్తి భయమేం కాదు.

"ఒక్కర్తివీ ఉంటన్నావు. ఎవడైనా ఇంట్లో సొరబడితే ఏటి సేస్తావు? సీపురుకట్ట సూపిస్తావా?"

"సూపిస్తాను," అన్నాను. మొండితనం నాకు నాన్న నుంచే వచ్చింది.

నేను తుపాకీ వద్దనడానికి అసలు కారణం అన్నయ్యకు తెలీదు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక ఓ బ్యాంకు దగ్గర కాపలా పనికోసం లైసెన్సు తీసుకుని తుపాకీ కొన్నాడు. మా ఇళ్లల్లో విశ్వకర్మ పూజనాడు పనిముట్లకు బొట్టు పెడితే, మర్నాడు పూజ ఎత్తేదాకా ఎవరూ వాటిని ముట్టుకోరు. ఆ ఏడు పీటమీద సుత్తి, స్పానర్లు, నా కుట్టుపని కత్తెర, వాటి పక్కనే తుపాకీ.

"ఇది కూడా పనిముట్టేనా నాన్నా?"

"కూడు పెడతంది గదేటి," అన్నాడు.

ఆ పూజరోజు మధ్యాహ్నం నాన్నా నేనూ కునుకు తీస్తున్నాం. వెనక తలుపు గడియ కదిలింది. ఆ వారమే వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. "ఎవుడ్రా?" అని నాన్న అరిచాడు. జవాబు లేదు. గడియ మళ్లీ కదిలింది. నాన్న తుపాకీ వైపు చెయ్యి చాచి, బొట్టు చూసి ఆగిపోయాడు. ఆ ఆగిన క్షణంలోనే తలుపు తెరుచుకుంది. పక్కింటి బెంగాలీ మామ్మ, గిన్నెలో కిచిడీ ప్రసాదం. ఆమెకు బొత్తిగా చెవుడు. ముందు తలుపు వేసుందని వెనక నుంచి వచ్చిందట.

నాన్న ఆ ప్రసాదం ముట్టలేదు. సాయంత్రం నాతో మెల్లగా అన్నాడు. "తూటాలు తియ్యకుండానే పూజలో ఎట్టినాను తల్లీ. బొట్టెట్టకముందు, నిన్న గానీ ఈవిడ ఇలాగొచ్చుంటే..." మర్నాడు పూజ ఎత్తగానే తూటాలు తీసి బీరువాలో వేరే పెట్టాడు.

లైసెన్సు కాగితాల కోసం వెళ్లిన రోజు, ఇదంతా ఠాణా బల్లమీద కూచుని అన్నయ్యకు చెప్పాను.

"మరి నిజెంగా దొంగే వొస్తే?"

"అరుస్తాను. కొడతాను. సచ్చినా సస్తాను. బయిం నేకుండా పోలేదు అన్నియ్యా. కానీ ఎవులొచ్చినారో సూడకుండా పేల్చీగలిగింది నా ఇంట్లో ఉండకూడదు."

అన్నయ్య కోపంగా బయటికి నడిచాడు. తుపాకీ మీద హక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టేశాను.

ఇంటికొచ్చి చీర మార్చుకున్నానో లేదో వెనక గడియ కదిలింది. "ఎవరూ?" అన్నాను. జవాబు లేదు. చీపురుకట్ట చేతపట్టుకునే వెళ్లి, ఎవరో చూద్దామని తలుపు తీశాను.