గోరింటాకు పెట్టిన వేలు

"ఈ ఎండలో ఓటేసేకి ఎవురు పోతార్లే అవ్వా" అని ఫోన్లో నవ్వితివే నాయనా, ఆ మాట నాకు ఇంకా ముల్లు మాదిరి గుచ్చుకుంటాంది. నీ చెల్లెల్ని గూడా వినమను. సౌదీలో, హాయిల్ అనే ఊర్లో నేను వంటకున్న ఇంటి సంగతి చెప్తా.

ఆ ఇంట్లో ఒక పెద్దామె ఉండె. కువైట్ యుద్ధమప్పుడు పారిపోయి వచ్చినోళ్ళకు వాకిట్లో డేగిశాలు ఎక్కిచ్చి నెలల కొద్దీ అన్నం పెట్టింది ఆమె. మగోళ్ళు రేడియో చుట్టూ కూర్చోనుండ్రి.

శానా ఏండ్లకు ఆ దేశంలో ఎలక్షన్లు వచ్చె. పార్లమెంటుకు గాదు, ఊరి సభకు. అందులోనూ సగం మందినే జనం ఎన్నుకోవాల, తక్కిన సగాన్ని రాజుగారి సర్కారే పెడతాది. ఆ మాత్రం దానికే ఎంత ఆర్భాటమనుకున్నారు! పెద్దామె చిన్నకొడుకు నిలబడె. ఇంటి ముందర గుడారం వేసి రోజూ పొట్టేళ్ళు కోసేది. వండేది మేము, తినేది మగోళ్ళు.

ఒకనాడు బియ్యం ఏరుకుంటా పెద్దామె అడిగె, "మీ దేశంలో ఆడోళ్ళు ఓటేస్తారా?"

"ఎందుకెయ్యరమ్మా? నడవలేని ముసిలోళ్ళను ఎత్తుకోని పోతారు. ఏసినాక ఈ వేలికి సిరా పూస్తారు" అని ఎడమచేతి చూపుడువేలు చూపిస్తి.

"అయితే నేనూ నా బిడ్డకు ఏస్తా."

ఓటు నాడు కొత్త బురఖా తొడుక్కోని, అత్తరు పూసుకోని, నన్ను తోడు పిల్చుకోని కారెక్కె. ఇస్కూలు గేటు కాడ పోలీసాయన కారు ఆపె.

"ఆడోళ్ళకు లేదు తల్లీ. ఇంటికి పోండి."

మర్యాదగానే అనె. అదే నాకు ఇంకా మంట.

"నా కొడుక్కే గదా ఏసేది?" అనె పెద్దామె.

"కొడుకును కనిచ్చినావు, చాల్లే!" అని లైన్లో ఎవుడో అనె. అందరూ నవ్విరి. ఆ నోర్లన్నీ మేము వండింది తిన్నవే!

ఇంటికొచ్చి పెద్దామె పొయ్యి కాడ కూర్చోని ఎడమచెయ్యి చాపి, చూపుడువేలు చూపిచ్చి, "పెట్టు" అనె. గోరింటాకు తడిపి, ఆ ఒక్క వేలికే పెడితి.

కొడుకు గెలిచిన నాడు తల్లి చెయ్యి ముద్దు పెట్టుకోబోయి చూసె.

"ఇదేందమ్మా, ఒక్క వేలికే?"

"పోయి మీ సభలో అడుగు."

వాడు అడగల్యా. ఆ దేశంలో కాఫీ కూజా ఎడమచేత్తో పట్టుకోని పోస్తారు. సుట్టాల్లో ఏ మగోడు ఇంటికొచ్చినా, పనోళ్ళను పక్కకు జరగమని ఆమే పోసేది, వాని కండ్ల ముందర ఆ ఎర్రవేలు పెట్టి. రంగు మాసిపోతే మళ్ళా నాకాడికొచ్చి చెయ్యి చాపేది.

నీకేమో ఎండంట.